ఫాల్స్ నైన్ ఆడించడం ఎలా: ఎక్కడ గోల్స్ తెస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది

ఫాల్స్ నైన్ అంటే సెంటర్ ఫార్వర్డ్ (9 నంబర్) స్థానంలో ఉంటూనే గోల్ ముందు ఆగకుండా మిడ్‌ఫీల్డ్ వైపు కిందకి దిగి ఆడేవాడు. ఆ పేరు అనగానే మెస్సీ గుర్తొస్తాడు, కిందకి దిగి బాల్ తీసుకుని ముగ్గురు నలుగుర్ని దాటేసి గోల్ కొట్టడం గుర్తొస్తుంది. దాంతో కాలేజీ టీముల్లో, ఆదివారం మ్యాచుల్లో ఏం చేస్తారంటే బాగా డ్రిబ్లింగ్ చేసేవాడొకడిని సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టి "నువ్వు ఫాల్స్ నైన్ రా" అని వదిలేస్తారు. వాడు బాల్ కోసం కిందకి దిగుతాడు, మిడ్‌ఫీల్డ్‌లో ఒక మనిషి పెరుగుతాడు, పాసులు భలే నడుస్తాయి, తీరా గోల్ ముందున్న బాక్స్‌లో చూస్తే పురుగు కూడా ఉండదు. మ్యాచ్ 0-0, లేదంటే చివర్లో ఒక ఎదురుదాడి (కౌంటర్) తిని 0-1.

ఇక్కడ అందరూ దిగేవాడినే చూస్తారు, అదే తప్పు. దిగేవాడు ఎర, అంతే. గోల్ వచ్చేది వాడు వదిలేసిన ఖాళీలోకి పరుగెత్తేవాళ్ల వల్ల. ఆ పరుగెత్తేవాళ్లు మీ టీమ్‌లో లేకపోతే ఈ గైడ్ ఇక్కడే ఆపేసి మామూలు స్ట్రైకర్‌తో ఆడుకోండి, నిజంగా చెప్తున్నా, నష్టమేం లేదు.

ముందు కొంచెం పాత కథ

ఇది మెస్సీ ఉన్న బార్సిలోనాకి కోచ్‌గా చేసిన గార్డియోలా కనిపెట్టింది కాదు. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఇంగ్లాండ్‌ని 6-3తో చితక్కొట్టింది, బ్రిటిష్ దీవుల బయటి టీమ్ ఏదీ అప్పటిదాకా ఇంగ్లాండ్‌ని వాళ్ల గడ్డ మీద ఓడించలేదు. హంగరీలో 9 నంబర్ చొక్కా వేసుకున్న హిదెకుటి ముందు నిలబడకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ ఆడాడు. ఇంగ్లాండ్ సెంటర్ హాఫ్ (ఇప్పటి మాటల్లో సెంటర్ బ్యాక్, మధ్యలో నిలబడే డిఫెండర్) హ్యారీ జాన్‌స్టన్‌కి వెంట వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా అర్థం కాలేదు. వెళ్తే వెనకాల పుష్కాష్, కోచిష్ ఉన్నారు, ఉంటే హిదెకుటికి అడ్డే లేదు. హిదెకుటి ఆ రోజు హ్యాట్రిక్ కొట్టాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఈ ట్యాక్టిక్ వేసే ప్రశ్న ఇప్పటికీ అదే.

తర్వాత 2005-06లో రోమాలో స్ట్రైకర్లు అందుబాటులో లేక కోచ్ స్పాలెట్టి టోట్టీని ముందు పెట్టాడు, అలా పెట్టాక ఇటలీ లీగ్ "సిరీ ఆ"లో వరసగా 11 మ్యాచులు గెలిచారు. ఆ తర్వాతి సీజన్‌లో టోట్టీ 26 లీగ్ గోల్స్ కొట్టి యూరప్ గోల్డెన్ షూ పట్టుకెళ్లాడు. ఇక 2009 మే 2, రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబ్యూ. అంతవరకూ కుడి వైపు ఆడే మెస్సీ మధ్యలోకి వచ్చాడు, శామ్యూల్ ఎటో కుడి పక్కకి వెళ్లాడు, ఎడమ పక్క హెన్రీ. రియల్ మాడ్రిడ్ సెంటర్ బ్యాకులు కన్నవారో, మెట్జెల్డర్ మార్క్ చేయడానికి ఎదురుగా మనిషి లేక అలా నిలబడిపోయారు, బార్సిలోనా 6-2. అందరికీ మెస్సీ కొట్టిన రెండు గోల్సే గుర్తుంటాయి గానీ, స్కోరు సమం చేసిన మొదటి గోల్ చూడండి: మెస్సీ కింద బాల్ తీసుకుని డిఫెన్స్ మీదుగా లేపాడు, వెనక్కి పరుగెత్తింది హెన్రీ. 2010 నవంబర్‌లో అదే మాడ్రిడ్‌ని 5-0 కొట్టినప్పుడైతే మెస్సీ ఒక్క గోల్ కూడా కొట్టలేదు, వియ్యా కొట్టిన రెండూ మెస్సీ పాసులే.

స్టెప్ 1: వింగర్ల నుంచి మొదలుపెట్టండి

అందరూ ముందు ఫాల్స్ నైన్‌ని వెతుకుతారు, మీరు ముందు వింగర్లని, అంటే ముందు వరసలో రెండు పక్కలా ఆడేవాళ్లని చూడండి. లైన్ పట్టుకుని నిలబడి క్రాసులు వేసే వింగర్ దీనికి పనికిరాడు, ఎందుకంటే క్రాస్ వేస్తే తలతో కొట్టడానికి లోపల ఎవరూ ఉండరు. కావాల్సింది బాల్ లేకుండా పరుగెత్తేవాడు, గోల్ మీద ఆశ ఉన్నవాడు. ఎడమ పక్క కుడికాలివాడు, కుడి పక్క ఎడమకాలివాడు దొరికితే పండగే, లోపలికి పరుగెత్తగానే షాట్ కొట్టే కాలు సిద్ధంగా ఉంటుంది.

లివర్‌పూల్‌లో ఫిర్మినో మధ్యలో దిగుతూ ఉంటే 2018-19లో సలా, మానే ఇద్దరూ చెరో 22 లీగ్ గోల్స్ కొట్టి ఒబామెయాంగ్‌తో కలిసి గోల్డెన్ బూట్ పంచుకున్నారు. సెంటర్ ఫార్వర్డ్ కంటే పక్కనున్న ఇద్దరూ ఎక్కువ కొడుతున్నారంటే సిస్టమ్ సరిగ్గా నడుస్తున్నట్టే.

మీ వింగర్లు ఇద్దరూ బాల్ కాళ్ల దగ్గరికి వస్తేనే ఆడే రకమైతే, కనీసం ఒకడిని మార్చండి. ముగ్గురు ఫార్వర్డ్స్ ముగ్గురూ బాల్ వైపే వస్తే అవతలి డిఫెండర్లకి అంతకంటే హాయి లేదు.

స్టెప్ 2: మధ్యలో ఎవడు?

డ్రిబ్లింగ్ ముఖ్యం కాదు, వీపు వెనకాల ఏం జరుగుతుందో తెలిసి ఉండటం ముఖ్యం. బాల్ వచ్చేలోపు రెండు మూడు సార్లు తల తిప్పి చూసే అలవాటుందా, సైడుకి తిరిగి బాల్ తీసుకుంటాడా, ఒక్క టచ్‌లో వెనక్కి పెట్టగలడా. ఈ మూడూ ఉంటే చాలు, వేగం లేకపోయినా నడుస్తుంది. 2012 యూరోలో స్పెయిన్ ఫాబ్రెగాస్‌ని అక్కడ పెట్టింది, అతను పక్కా మిడ్‌ఫీల్డర్.

ఇంకోటి, కొంచెం మొహమాటం లేకుండా చెప్పాలంటే, టీమ్‌లో ఇగో ఎక్కువున్నవాడిని అక్కడ పెట్టొద్దు. పది సార్లు దిగితే ఆరేడు సార్లు వాడికి బాల్ రాదు, వాడు లాగిన డిఫెండర్ వల్ల ఇంకొకడు గోల్ కొడతాడు. దాన్ని పనిగా చూసేవాడు కావాలి.

స్టెప్ 3: ఎప్పుడు దిగాలి, ఎంత దిగాలి

ఎక్కువ టీములు పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

కిక్-ఆఫ్ నుంచే కిందే నిలబడితే అది ఫాల్స్ నైన్ కాదు, స్ట్రైకర్ లేని టీమ్. ముందు సెంటర్ బ్యాకుల దగ్గరే ఉండాలి, వాళ్లు "వీడు నావాడు" అనుకోవాలి, అప్పుడు దిగాలి. మన సెంటర్ బ్యాక్ దగ్గర బాల్ ఉన్నప్పుడే దిగితే తొందరపడ్డట్టు, బాల్ రావడానికి ఇంకా రెండు పాసులు ఉంటాయి, ఈలోపు వాళ్లు సర్దుకుంటారు. మన హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ (డిఫెన్స్‌కి కాస్త ముందు నిలబడేవాడు) బాల్ తీసుకుని తల పైకెత్తిన క్షణం, అప్పుడు దిగాలి. మెల్లగా నడుచుకుంటూ కాదు, మూడు నాలుగు పెద్ద అడుగులు ఒక్కసారిగా.

ఎంత దూరం అంటే, అవతలి హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌కీ వాళ్ల డిఫెన్స్ లైన్‌కీ మధ్య ఉన్న ఆ సందులోకి. ఆ మిడ్‌ఫీల్డర్‌ని కూడా దాటి ఇంకా కిందకి వచ్చేశాడంటే దండగ, వాడిప్పుడు అవతలి టీమ్ మొత్తానికీ ముందున్నాడు, ఎవ్వరికీ భయం లేదు. బాల్ దొరకట్లేదని చిరాకొచ్చి వాళ్లు చేసే మొదటి పని ఇదే, బయట నుంచి అరిచి అయినా ఆపండి.

దిగేటప్పుడు నిట్టనిలువుగా కాకుండా కొంచెం ఏటవాలుగా రావాలి, అప్పుడు శరీరం సగం తిరిగే ఉంటుంది, వెనకాల సెంటర్ బ్యాక్ వస్తున్నాడా లేదా కంటి చివర్లో కనిపిస్తుంది. ఆ ఒక్క సమాచారం మీదే తర్వాతిదంతా ఆధారపడి ఉంది.

స్టెప్ 4: సెంటర్ బ్యాక్ కాళ్లు చూసి ఆడటం

వాడు వెంట వచ్చాడనుకోండి. ఫాల్స్ నైన్ తిరగడానికి ప్రయత్నించకూడదు, ఒక్క టచ్‌లో ఎదురుగా వస్తున్న మన మిడ్‌ఫీల్డర్‌కి వెనక్కి పెట్టేయాలి, ఆ మిడ్‌ఫీల్డర్ మొహం గోల్ వైపే ఉంది కాబట్టి అతనే థ్రూ బాల్ (డిఫెండర్ల మధ్య నుంచి వెనకాల ఖాళీలోకి పాస్) వేస్తాడు. వింగర్ అప్పటికే పరుగులో ఉండాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి? చాలామంది వింగర్లకి "నైన్ దిగగానే పరుగెత్తు" అని చెప్తారు, అలా చెప్తే సగం సార్లు ఆఫ్‌సైడ్ (పాస్ పడే క్షణానికే వాళ్ల డిఫెన్స్ లైన్ దాటేసి ఉండటం). వింగర్ చూడాల్సింది మన నైన్‌ని కాదు, వాళ్ల సెంటర్ బ్యాక్ పాదాలని. వాడు ముందుకి రెండో అడుగు వేశాడంటే ఇక వెనక్కి తిరిగి పట్టుకోలేడు, ఆ రెండో అడుగే వింగర్‌కి సిగ్నల్. పరుగు కూడా తిన్నగా కాదు, ఫుల్ బ్యాక్ (పక్కన ఆడే డిఫెండర్) వీపు వెనక నుంచి లోపలికి వంపు తిరుగుతూ, అలా అయితే లైన్ మీద ఉండే సమయం దొరుకుతుంది, బాల్ కూడా కనిపిస్తుంది.

వాడు రాలేదు, లైన్‌లోనే ఉండిపోయాడు. అప్పుడు ఫాల్స్ నైన్ తిరగాలి, తిరిగి బాల్‌తో సూటిగా డిఫెన్స్ మీదకి వెళ్లాలి. మధ్యలో మన వాళ్లు నలుగురు, వాళ్లు ముగ్గురు, ఎవడో ఒకడు ఖాళీగా ఉంటాడు. ఇప్పుడు కూడా వింగర్లు బాల్ దగ్గరికి రాకూడదు, ఫుల్ బ్యాకుల్ని వెనకాలే కట్టిపడేసి ఉంచాలి. ఏదో ఒక క్షణంలో సెంటర్ బ్యాక్ బయటికి రాక తప్పదు, వచ్చాడంటే పైన చెప్పిన కథే.

మూడోది, వాళ్ల హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ వెనక్కి జరిగి మన నైన్‌కి అంటుకుంటాడు. మంచిదే, అతని స్థలం ఖాళీ అయింది కదా, మన మిడ్‌ఫీల్డర్ అక్కడికి బాల్‌తో వచ్చేయొచ్చు, దూరం నుంచి షాట్ కొట్టేవాడుంటే ఇంకా మంచిది.

స్టెప్ 5: బాక్స్ నింపడం

వింగర్ బాక్స్ అంచుకి చేరాడు, ఇప్పుడు లోపల ఎవరు? దీనికి జవాబు మ్యాచ్‌కి ముందే ఉండాలి. అవతలి పక్క వింగర్ ఫార్ పోస్ట్‌కి, మిడ్‌ఫీల్డర్లలో ఒకడు పెనాల్టీ స్పాట్ దగ్గరికి, ఫాల్స్ నైన్ అందరికంటే ఆలస్యంగా బాక్స్ గీత దగ్గరికి. బాల్ గాల్లో వద్దు, నేల మీద వెనక్కి కట్‌బ్యాక్. ఆలస్యంగా వచ్చేవాడిని ఎవడూ మార్క్ చేయడు, ఎందుకంటే అందరి కళ్లూ బాల్ మీద, వాళ్ల పరుగంతా సొంత గోల్ వైపు.

2020-21లో గార్డియోలా కోచ్‌గా మాంచెస్టర్ సిటీ చాలా మ్యాచులు స్ట్రైకర్ లేకుండానే ఆడి లీగ్ గెలిచింది, లీగ్‌లో వాళ్ల టాప్ స్కోరర్ గుండోగన్, 13 గోల్స్. మిడ్‌ఫీల్డర్ టాప్ స్కోరర్ అవ్వడం ఈ సిస్టమ్‌లో వింతేం కాదు. కానీ అలా బాక్స్‌లోకి పరుగెత్తే మిడ్‌ఫీల్డర్ ఒక్కడైనా మీకు ఉండాలి, ముగ్గురూ పాసులు వేసి చూసే బాపతైతే కష్టం.

స్టెప్ 6: బాల్ పోయినప్పుడు

దీని బలాల్లో జనం తక్కువగా మాట్లాడేది ఇదే. మధ్యలో మనవాళ్లు ఎక్కువ మంది ఉంటారు కాబట్టి బాల్ పోగానే చుట్టుముట్టడం తేలిక, ఫిర్మినో లివర్‌పూల్‌లో అంత విలువైనవాడు అవ్వడానికి సగం కారణం అదే, దిగి ఉన్నాడు కాబట్టి వాళ్ల హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌ని వెంటనే పట్టుకునేవాడు.

రెండో పక్క చూస్తే, మొదటి ఐదారు సెకన్లలో బాల్ తిరిగి దొరకకపోతే వాళ్ల సెంటర్ బ్యాకులిద్దరికీ ఎదురుగా ఒక్కడూ లేడు. తీరిగ్గా బాల్ తీసుకుని ముందుకి నడుచుకుంటూ వచ్చేస్తారు. అందుకే రూల్ పెట్టుకోండి: ఆ కొద్ది సెకన్లలో దొరకలేదంటే ఫాల్స్ నైన్ మళ్లీ పైకి, వాళ్ల సెంటర్ బ్యాక్ ముందుకి వెళ్లి నిలబడాలి. శ్రమే, అందుకే 60 నిమిషాల తర్వాత చాలామంది వెళ్లరు.

ఎక్కడ దెబ్బతింటుంది

అన్నిటికంటే పెద్ద మందు ముగ్గురు సెంటర్ బ్యాకులు. ఒకడు ఫాల్స్ నైన్ వెంట హాయిగా బయటికి వస్తాడు, వెనకాల ఇంకా ఇద్దరుంటారు, మీరు వేసిన ప్రశ్నే చెల్లకుండా పోతుంది. దీనికి ఒకే టోర్నీలో రెండు పక్కలా ఉదాహరణ దొరుకుతుంది, 2012 యూరో. మొదటి మ్యాచ్‌లో ఇటలీ డి రోసీని మధ్యలో పెట్టి ముగ్గురితో ఆడింది, ఫాబ్రెగాస్ ఒక గోల్ కొట్టాడు గానీ మ్యాచ్ 1-1. జూలై 1న కీవ్‌లో ఫైనల్, అదే ఇటలీ నలుగురు డిఫెండర్ల లైన్‌తో వచ్చింది, స్పెయిన్ 4-0. చివరి రెండు గోల్స్ అప్పటికి తియాగో మోట్టా గాయంతో వెళ్లిపోయి ఇటలీ పదిమందే మిగిలాక వచ్చాయి, అది లెక్కలోంచి తీసేయండి. అయినా మొదటి రెండూ చూడండి, ఒకటి ఫాబ్రెగాస్ స్వయంగా లైన్ వెనక్కి పరుగెత్తి వెనక్కి తీసిన బాల్‌కి సిల్వా హెడర్, రెండోది లెఫ్ట్ బ్యాక్ జోర్డి ఆల్బా ఎక్కడో కింద నుంచి పరుగెత్తుకొచ్చి షావి పాస్ అందుకుని కొట్టింది. పరుగెత్తేది వింగరే అవ్వాలని రూలేం లేదు.

2021 మే 29 పోర్టోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో సిటీకి జరిగింది కూడా అలాంటిదే. చెల్సీ ముగ్గురు సెంటర్ బ్యాకులు, సిటీకి ముందు డి బ్రూయ్నా, మధ్యలో ఎంతమంది ఉన్నా చెల్సీ వెనకాల కంగారుపడలేదు. హావర్ట్జ్ ఒక్క గోల్, 1-0, అయిపోయింది.

రెండోది లో బ్లాక్. పదిమంది తమ బాక్స్ చుట్టూ కూర్చుంటే వెనక్కి పరుగెత్తడానికి ఖాళీ ఎక్కడుంది? 2012 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనా, చెల్సీ. క్యాంప్ నౌలో టెర్రీ రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు, కేహిల్ గాయంతో ముందే వెళ్లాడు, ద్రోగ్బా సగం మ్యాచ్ లెఫ్ట్ బ్యాక్‌లా ఆడాడు, అయినా మెస్సీ ఉన్న టీమ్ గెలవలేకపోయింది. పెనాల్టీ బార్‌కి తగిలింది, 2-2, మొత్తం మీద 3-2తో చెల్సీ ఫైనల్‌కి. అలాంటప్పుడు బాక్స్‌లో నిలబడి తోసుకునే ఒక మొద్దు స్ట్రైకర్ విలువ తెలుస్తుంది. స్ట్రైకర్ లేకుండా లీగ్ గెలిచిన గార్డియోలానే తర్వాత హాలాండ్‌ని తెచ్చుకున్నాడు, 2022-23లో అతను 36 లీగ్ గోల్స్ కొట్టాడు, సిటీ మూడు ట్రోఫీలు గెలిచింది.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది కూడా అసలు సిసలు నంబర్ నైన్‌తోనే, ఒగ్బెచే 18 గోల్స్, గోల్డెన్ బూట్. ఇంకా వెనక్కి వెళ్తే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మన హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ ఏకంగా తలకి దెబ్బ తగిలి ఉన్న సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో పెట్టాడు, అతను గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1, గోల్డ్ మెడల్. డిఫెండర్ల మధ్య ఒక గట్టి మనిషి ఉంటే ఎలాంటి గొడవ పుడుతుందో దానికంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మూడోది చిన్నదే గానీ లోకల్ మ్యాచుల్లో చాలా బాధపెడుతుంది. ఒత్తిడిలో మన డిఫెండర్ బాల్ పైకి కొడితే ముందు పట్టుకునేవాడు లేడు, గోడకి కొట్టినట్టు తిరిగొచ్చేస్తుంది. గ్రౌండ్ ఎగుడుదిగుడుగా ఉండి నేల మీద పాసులు నడవని రోజు ఇది ఆడించొద్దు. కార్నర్లకి కూడా ఒక పొడుగువాడు తగ్గుతాడు, రెండు బాక్సుల్లోనూ.

టర్ఫ్‌లో ఫైవ్స్ (ఐదుగురి ఆట) ఆడేవాళ్లకి ఒక మాట: అక్కడ మామూలుగా ఆఫ్‌సైడ్ ఉండదు కాబట్టి డిఫెండర్‌కి లైన్ కాపాడుకునే గొడవే లేదు, వెనకాలే నిలబడిపోవచ్చు. దిగడం, లేఆఫ్ (ఒక్క టచ్‌లో వెనక్కి పెట్టడం), పరుగు వరకూ పనికొస్తాయి, మిగతాది పదకొండు మంది ఆటకే.

ప్రాక్టీస్ ఎలా

సగం గ్రౌండ్ తీసుకోండి. ఒక పక్క నలుగురు డిఫెండర్లు, ఒక హోల్డింగ్, గోల్‌కీపర్. మన పక్క ముగ్గురు ముందు, ముగ్గురు మధ్యలో. బాల్ ఎప్పుడూ మన హోల్డింగ్ దగ్గర మొదలవుతుంది. మొదటి పది నిమిషాలు సెంటర్ బ్యాక్‌కి "తప్పకుండా వెంట వెళ్లు" అని చెప్పండి, తర్వాతి పది "అస్సలు కదలకు" అని, మూడో పది వాడి ఇష్టం. ఆ మూడో దాంట్లోనే మనవాళ్లు నిజంగా చూసి ఆడుతున్నారా, లేక బట్టీ పట్టింది ఒప్పజెప్తున్నారా బయటపడుతుంది. పరుగెత్తినవాడు కొట్టిన గోల్‌కి రెండు పాయింట్లు, ఫాల్స్ నైన్ కొట్టినదానికి ఒకటే. మొదట్లో నైన్ గొణుగుతాడు, వదిలేయండి.

మ్యాచ్‌లో ఎప్పుడు మార్చాలి

అరగంట ఆడాక ఒక్క విషయం గమనించండి, వాళ్ల సెంటర్ బ్యాకులు ఒకరితో ఒకరు అరుచుకుంటున్నారా? "నువ్వెళ్లు, నువ్వెళ్లు" అని చేతులు చూపించుకుంటుంటే పని జరుగుతోంది, స్కోరు 0-0 అయినా ముట్టుకోవద్దు. ఇద్దరూ ప్రశాంతంగా బాల్ ఆడుకుంటూ సెంటర్ లైన్ దాకా వచ్చేస్తుంటే మాత్రం మీ వింగర్లు పరుగెత్తట్లేదన్నమాట, ముందు వాళ్లని తిట్టండి, మారకపోతే హాఫ్ టైమ్‌కి ఒకడిని మార్చండి.

వాళ్లు పూర్తిగా వెనక్కి వెళ్లి కూర్చుంటే బెంచ్ మీదున్న స్ట్రైకర్‌ని దింపే టైమ్ అది. ఇక్కడ చాలామంది ఫాల్స్ నైన్‌నే బయటికి తీస్తారు, నేనైతే తీయను. మిడ్‌ఫీల్డర్లలో ఒకడిని తీసి, ఫాల్స్ నైన్‌ని స్ట్రైకర్ వెనకాల పదో నంబర్ స్థానంలో ఉంచుతా, అరగంట పైగా వాళ్ల సందుల్లో తిరిగి ఎవడు ఎటు కదులుతాడో వాడికి తెలిసిపోయి ఉంటుంది. వింగర్లకి మాత్రం మళ్లీ చెప్పాలి, ఇప్పుడు లోపల ఒకడున్నాడు, క్రాస్ వేయొచ్చు అని, లేదంటే వాళ్లు అలవాటు కొద్దీ కట్‌బ్యాకులే వేస్తూ ఉంటారు.